సొంత జట్టు ఆటగాడిని మైదానంలో గేలి చేయవచ్చా?

గన్నర్_బెజవాడ (లండన్)

గత వారం మ్యాచ్‌లో నా వెనక వరసలో కూర్చున్నవాళ్లతో మొదలైన వాదన ఇంకా నన్ను వదలలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను. మన జట్టు ఆటగాడు వరసగా తప్పులు చేస్తుంటే అతడి కాలికి బంతి అందినప్పుడల్లా 'బూ' అని అరవడం న్యాయమేనా? నా మటుకు నాకు ఆట నడుస్తున్నంతసేపూ అది ముమ్మాటికీ తప్పు. ఎందుకో ఒక్క ఉదాహరణతో చెబుతాను.

2019 అక్టోబర్ 27. సొంత మైదానం ఎమిరేట్స్ స్టేడియంలో మన ఆర్సెనల్, క్రిస్టల్ ప్యాలెస్‌తో ఆడుతోంది. 2-0 ఆధిక్యం చేజారి 2-2 అయింది. 61వ నిమిషంలో కెప్టెన్ గ్రానిట్ జాకా నంబరు బోర్డు మీద కనిపించగానే స్టేడియంలో సగం మంది సంబరంగా కేకలు వేశారు. అతడు బయటికి వెళ్లిపోతున్నాడన్న సంబరం అది. జాకా పరుగెత్తకుండా నడిచాడు. 'ఇంకా అరవండి' అన్నట్టు చేతులు పైకి ఊపాడు, చెవి దగ్గర అరచెయ్యి పెట్టాడు, నోరు జారాడు, చొక్కా విప్పుకుంటూ డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్లే సొరంగంలోకి వెళ్లిపోయాడు. నాలుగు రోజుల తర్వాత అతడు రాసింది చదివితే గుండె చెరువవుతుంది. కాళ్లు విరగ్గొడతామనీ, భార్యను చంపుతామనీ, పసిబిడ్డకు క్యాన్సర్ రావాలనీ అతడికి సందేశాలు వచ్చాయి. నవంబర్ 5న కెప్టెన్సీ పోయింది.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. సామాను సర్దుకుని వెళ్లిపోవడానికి సిద్ధపడిన మనిషిని కొత్త కోచ్ ఆర్టెటా కూర్చోబెట్టి ఒప్పించాడు. 2022-23లో అదే జాకా జట్టుకు వెన్నెముక. 2023 మే 28న వుల్వ్స్ మీద చివరి మ్యాచ్‌లో రెండు గోల్స్ కొడితే, ఒకనాడు వెళ్లగొట్టిన స్టాండ్లే ఉండిపొమ్మని పాటలు పాడాయి. అప్పటికే ఆలస్యమైంది. అతడు జర్మన్ క్లబ్ లెవర్‌కూసెన్‌కు వెళ్లి, ఆ జట్టు లీగ్‌లో ఒక్క ఓటమీ లేకుండా 2024లో టైటిల్ గెలవడంలో ముందు నిలిచాడు. జర్మన్ కప్ ఫైనల్లో ఏకైక గోల్ కూడా అతడిదే. ఆ కేకల వల్ల మనకు ఒరిగింది ఏమిటి?

---

సీజన్_టికెట్ (మాంచెస్టర్)

మీ బాధ అర్థమైంది కానీ మీతో ఏకీభవించను. ఆ బెదిరింపులు నేరం, వాటిని ఎవరూ సమర్థించరు. అయితే స్టేడియంలో 'బూ' అన్నవాళ్లను, ఫోనులో చావు బెదిరింపులు పంపినవాళ్లను ఒకే గాటన కట్టడం సరికాదు. చలిలో, వానలో, ఊళ్లు దాటి వెళ్లి, కష్టార్జితం పెట్టి టికెట్ కొనేవాడికి చేతిలో ఉన్నది గొంతు ఒక్కటే. బోర్డు సమావేశంలో మాకు కుర్చీ లేదు. ఆటగాడిని కొనేటప్పుడు మమ్మల్ని అడగరు, టికెట్ ధర పెంచేటప్పుడూ అడగరు. బాగా ఆడినప్పుడు మా చప్పట్లు కావాలి, ఒళ్లు దాచుకుని ఆడినప్పుడు మాత్రం మేము నోరు మూసుకోవాలా?

జాకా విషయమే తీసుకోండి. అతడు కెప్టెన్. జట్టుకు గోల్ కావాల్సిన సమయంలో మైదానం మధ్య నుంచి తీరిగ్గా నడిచి రావడం కెప్టెన్ చేయాల్సిన పనేనా? జనం మొదట అరిచింది కొద్దిగా. ఆ నడక చూశాకే అది హోరు అయింది. ఇంకో మాట. నెల తిరిగేసరికి కోచ్ ఎమెరీని క్లబ్ తొలగించింది. అభిమానులు అరవకపోతే అది జరిగేదా?

---

గన్నర్_బెజవాడ

ఎమెరీని పంపించింది అరుపులు కాదు. నవంబర్ 28న ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ చేతిలో 2-1తో ఓడిన రాత్రి ఎమిరేట్స్ సగం ఖాళీగా ఉంది. మర్నాడే నిర్ణయం వచ్చింది. ఖాళీ కుర్చీలు లెక్కలు చూసేవాళ్లకు తగులుతాయి. 'బూ' మాత్రం ఆడుతున్న మనిషికే తగులుతుంది, యజమానికి కాదు.

---

డ్రిల్లు_మాస్టారు (అనంతపురం)

చాలా ఏళ్లుగా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. గేలి చేసినప్పుడు ఆటగాడి కాళ్లలో ఏం జరుగుతుందో స్టాండ్లో కూర్చున్నవాళ్లకు కనిపించదు, అంచు గీత దగ్గర నిలబడేవాడికి కనిపిస్తుంది. అది కొంచెం వివరంగా చెబుతాను.

మొదటి మార్పు బంతి అందుకునే ముందే వస్తుంది. ధైర్యంగా ఉన్న మిడ్‌ఫీల్డర్ బంతి వచ్చేలోపు రెండు మూడుసార్లు భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. ఒళ్లు సగం తిప్పి, వెనక కాలితో బంతి అందుకుని, అదే ఊపులో ముందుకు తిరుగుతాడు. భయపడినవాడు వెనక్కి చూడడు. బంతినే చూస్తూ ఉంటాడు. దాన్ని ముందు కాలితో ఆపి, వచ్చిన దారినే తన డిఫెండర్‌కు తిప్పి కొడతాడు. స్టాండ్లో వాళ్లకు అది 'చేతగానితనం', 'ఎప్పుడూ వెనక్కే ఆడతాడు' అనిపిస్తుంది. మళ్లీ అరుస్తారు. అతడు ఇంకా వెనక్కి ఆడతాడు.

రెండో మార్పు ఇంకా ప్రమాదకరం. దాక్కుంటాడు. అంటే పరుగు మానేస్తాడని కాదు, బాగా పరుగెత్తుతూనే ఉంటాడు. కానీ ప్రత్యర్థి ఆటగాడి నీడలో నిలబడతాడు. పాస్ ఇచ్చేవాడికి దారి కనిపించదు. చూసేవాళ్లకు అతడు కష్టపడుతున్నట్టే ఉంటుంది, బంతి మాత్రం అతడి దగ్గరికి రాదు. అప్పుడు జట్టు పది మందితో ఆడుతున్నట్టే.

ఇంకొకటి గమనించాను. మైదానం నడుమ ఆడేవాడికి జనం గోల ఒక్క హోరులా వినిపిస్తుంది, మాటలు విడిగా తెలియవు. అంచున ఆడే ఫుల్‌బ్యాక్‌కు, వింగర్‌కు మాత్రం ఒక్కొక్క తిట్టూ విడివిడిగా చెవిలో పడుతుంది. త్రో వేయడానికి గీత దగ్గరికి వచ్చినప్పుడు జనం పది అడుగుల దూరంలో ఉంటారు. పిల్లవాడు పరీక్ష రాస్తుంటే వెనక నిలబడి ప్రతి తప్పుకూ నెత్తిన మొట్టికాయ వేసినట్టు ఉంటుంది అది.

---

కొండపల్లి_కిక్

మాస్టారూ, ఆ దాక్కోవడం సంగతి ఇన్నాళ్లూ టీవీలో చూస్తూ కూడా గుర్తించలేదు. ఇకపై బంతిని వదిలేసి ఆటగాడినే చూస్తాను.

---

బెర్నబ్యూ_బాబాయి (మాడ్రిడ్)

ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడ్డాను. మన దగ్గర సినిమా హాల్లో ఈల వేస్తే మెచ్చుకున్నట్టు. ఇక్కడ ఈల అంటే ఛీత్కారం. రియల్ మాడ్రిడ్ స్టేడియం బెర్నబ్యూలో డెబ్బై వేల మంది ఒక్కసారిగా ఈల వేయడం మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు జలదరించింది. వీళ్లు ఈల వేయని గొప్పవాడు లేడు. క్రిస్టియానో రొనాల్డో మీద వేశారు. గోల్స్ మీద గోల్స్ కొడుతున్న రోజుల్లోనే! గారెత్ బేల్ తన దేశం వేల్స్ జట్టు సంబరాల్లో తన క్లబ్‌ను గోల్ఫ్ తర్వాతి స్థానంలో పెట్టిన జెండా పట్టుకున్నాడని 2019 నవంబర్‌లో చెవులు చిల్లులు పడేలా వేశారు.

ఇక్కడి పెద్దలను అడిగితే 'అందుకే ఇన్ని యూరోపియన్ కప్‌లు గెలిచాం, రెండో రకం ఆటను మేం ఒప్పుకోం' అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉందని నేనూ నమ్ముతాను. ఒత్తిడి తట్టుకోలేనివాడు ఈ చొక్కా వేసుకోలేడు. కానీ గోల్‌కీపర్ కాసియాస్ సంగతి తలచుకుంటే మాత్రం ఆ సమర్థన నిలబడదు. తొమ్మిదేళ్ల వయసులో క్లబ్‌లో చేరాడు. 725 మ్యాచ్‌లు ఆడాడు. స్పెయిన్‌కు 2010లో ప్రపంచ కప్ అందించిన కెప్టెన్. చివరి సీజన్లలో సొంత స్టేడియంలోనే ఈలలు పడ్డాడు. 2015 జూలైలో వీడ్కోలు చెప్పడానికి విలేకరుల ముందు ఒంటరిగా కూర్చుని కన్నీళ్లతో చదివాడు. అది చూసి మా కార్యాలయంలో ఈలలు వేసినవాళ్లే తలలు దించుకున్నారు.

---

ఓల్డ్‌ట్రాఫర్డ్_అమ్మాయి (హైదరాబాద్)

నేను మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని కాబట్టి హ్యారీ మగ్వైర్ గురించి మాట్లాడకుండా ఉండలేను. 2022 మార్చి 29, వెంబ్లీ. ఐవరీ కోస్ట్‌తో స్నేహపూర్వక మ్యాచ్. ఇంకా ఆట మొదలే కాలేదు. జట్టు పేర్లు చదువుతుంటే అతడి పేరుకు గేలి, తర్వాత అతడు బంతి తాకితే గేలి. ఇంగ్లండ్ చొక్కా వేసుకున్న మనిషిని ఇంగ్లండ్ అభిమానులే అన్నారు. క్లబ్ తరఫున బాగా ఆడలేదన్న కోపం దేశం మ్యాచ్‌లో తీర్చుకున్నారు. ఆ రోజు ఇంగ్లండ్ 3-0తో గెలిచింది. కాబట్టి ఓటమి బాధ అని కూడా అనలేం. ఇంగ్లండ్ కోచ్ సౌత్‌గేట్ అంత కోపంగా మాట్లాడటం అరుదు, ఆ రాత్రి మాట్లాడాడు.

తర్వాత క్లబ్ కెప్టెన్సీ కూడా తీసేశారు. అమ్మేయడానికి సిద్ధపడ్డారు. అతడు ఎవరినీ ఒక్క మాట అనలేదు, ఉండిపోయాడు. 2025 ఏప్రిల్ 17న ల్యోన్‌తో యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్. అదనపు సమయంలో 2-4తో వెనకబడి, ఆశలు వదులుకున్న స్థితి. చివరి ఏడు నిమిషాల్లో మూడు గోల్స్. ఆఖరిది మగ్వైర్ తలతో కొట్టాడు, డిఫెండర్‌ను స్ట్రైకర్‌గా ముందుకు పంపితే! ఇక్కడ తెల్లవారుజామున మా ఇంట్లో నేను వేసిన కేకకు అందరూ లేచారు. అదే ఏడాది అక్టోబర్‌లో లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో గెలుపు గోల్ కూడా అతడిదే.

సీజన్_టికెట్ గారూ, మీరు అరిచేది 'బాగా ఆడు' అని చెప్పడానికే అయితే, ఆట మొదలవకముందే పేరుకు 'బూ' అనడంలో ఏం చెప్పినట్టు?

---

సీజన్_టికెట్

అమ్మా, పేర్లు చదివేటప్పుడు అరవడాన్ని నేనూ సమర్థించను. అది విమర్శ కాదు, వేధింపు. నేను చెప్పేది వేరు. ప్రత్యర్థి ముందుకు వస్తుంటే వెనక్కి పరుగెత్తకుండా చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడిన ఆటగాడు ఉంటాడు చూశారా, వాడికి చెప్పాలి. నైపుణ్యం లేకపోతే క్షమిస్తాను. శ్రమించకపోతే క్షమించను. మా స్టాండ్లో పెద్దవాళ్లందరిదీ ఇదే లెక్క. కాళ్లు సహకరించకపోయినా చెమటోడ్చేవాడిని ఎవరూ ఏమీ అనరు.

---

గన్నర్_బెజవాడ

ఏమీ అనరా? అయితే మా ఆర్సెనల్ ఆటగాడు ఎబూయే సంగతి వినండి. 2008 డిసెంబర్, విగన్ మ్యాచ్. మోకాలి గాయం నుంచి అప్పుడే కోలుకుని వచ్చిన కుర్రాడు. నాస్రీ గాయపడితే మొదటి సగంలోనే దింపారు, అలవాటు లేని ఎడమ వైపు ఆడించారు. పాస్‌లు తప్పాడు తప్ప పరుగు ఆపలేదు. అయినా అతడు బంతి తాకితే చాలు సొంతవాళ్లే గేలి చేశారు. చివరికి కోచ్ వెంగర్ అతడిని కాపాడటానికే బయటికి పిలిస్తే, మైదానం దాటేదాకా తరిమినట్టు అరిచారు. ఆర్సెనల్ 1-0తో గెలిచిన మ్యాచ్ అది! తర్వాత అతడే అభిమానుల ముద్దుబిడ్డ అయ్యాడన్నది వేరే విషయం.

కోపంలో ఉన్న అరవై వేల మంది ఇతడిది శ్రమ లోపమా, నైపుణ్య లోపమా, గాయమా అని తూచి అరవరు. ఎవరో ఒకడు దొరకాలి, అంతే.

---

కాప్_కాకినాడ (లివర్‌పూల్)

అభిమానికి గొంతు తప్ప ఇంకేమీ లేదన్న మాట మీద నా అభ్యంతరం. 2016 ఫిబ్రవరి 6న ఆన్‌ఫీల్డ్‌లో ఏం జరిగిందో గుర్తు చేస్తాను. కొత్త స్టాండ్లో టికెట్ 77 పౌండ్లు చేస్తామన్నారు యజమానులు. సండర్‌లాండ్‌తో మ్యాచ్‌లో లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలో ఉంది. సరిగ్గా 77వ నిమిషంలో సుమారు పది వేల మంది లేచి బయటికి నడిచారు. ఎవరూ ఏ ఆటగాడినీ పల్లెత్తు మాట అనలేదు. సండర్‌లాండ్ రెండు గోల్స్ కొట్టి 2-2 చేసింది, అది వేరే కడుపుకోత. కొద్ది రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకున్నారు.

జర్మనీలో ఇంకా పకడ్బందీగా చేస్తారు. లీగ్ ప్రసార ఆదాయంలో వాటా పెట్టుబడి సంస్థకు ఇవ్వాలని చూసినప్పుడు, 2023-24 చలికాలంలో వారం వారం మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి ఆట ఆపేశారు. 2024 ఫిబ్రవరి 21న లీగ్ ఆ ప్రయత్నం మానుకుంది. గొంతు ఎవరి మీద ఎత్తాలో వాళ్లకు తెలుసు. ఇరవై రెండేళ్ల ఎడమ ఫుల్‌బ్యాక్ మీద కాదు.

---

సీజన్_టికెట్

ఆ నడక నాకూ గౌరవమే. కానీ అది ధర మీద పోరాటం. ఆట మీద అసంతృప్తి చెప్పడానికి దారి ఏది? ఉత్తరం రాయమంటారా?

---

కాప్_కాకినాడ

చివరి విజిల్ తర్వాత అరవండి. అప్పుడు ఎవరి మొదటి టచ్ మీదా ప్రభావం ఉండదు, మీ మాట మొత్తం జట్టుకూ కోచ్‌కూ చేరుతుంది. ఇంగ్లండ్‌లో చాలామంది పాటించే హద్దు ఇదే.

---

బెర్నబ్యూ_బాబాయి

చివరి విజిల్ దాకా ఆగడం చెప్పినంత తేలిక కాదు బాబూ. అయినా ఆ హద్దు నాకు నచ్చింది.

---

గచ్చిబౌలి_గేట్2 (హైదరాబాద్)

మీరంతా అరవై వేలు, డెబ్బై వేలు అంటుంటే మాకు కడుపు మండుతోంది. మా హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ గెలిచింది. కేరళ బ్లాస్టర్స్ మీద 1-1 తర్వాత పెనాల్టీల్లో 3-1. స్టేడియం అంతా పసుపు పచ్చ చొక్కాలే, అన్నీ వాళ్లవే. మా వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియంలో ఎన్ని మ్యాచ్‌లకు ఖాళీ స్టాండ్ల మధ్య కూర్చున్నామో! సయ్యద్ అబ్దుల్ రహీం తయారు చేసిన ఆటగాళ్లతో దేశానికి ఒలింపిక్ జట్లు ఇచ్చిన ఊరు ఇది. జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయారు, చివరికి 2025లో క్లబ్బే పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. తిట్టడానికైనా జట్టు మిగలలేదు.

సునీల్ ఛెత్రీ 2018 జూన్‌లో చేసిన వీడియో గుర్తుందా? ముంబైలో చైనీస్ తైపీ మీద అతడు హ్యాట్రిక్ కొట్టి 5-0తో గెలిపిస్తే చూడటానికి వచ్చింది 2,569 మంది. మర్నాడు చేతులు జోడించినంత పని చేశాడు. మమ్మల్ని విమర్శించండి, అరవండి, కావాలంటే తిట్టండి, కానీ స్టేడియానికి రండి అన్నాడు. కెన్యాతో తర్వాతి మ్యాచ్ అతడికి నూరవది. టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. ఒక ఆటగాడు నోరు తెరిచి తిట్లనైనా అడుక్కున్న దేశం మనది. అందుకే నాకు 'బూ' కన్నా నిశ్శబ్దమే ఎక్కువ భయం. కానీ మా రోజుల్లో వచ్చిన ఆ కొద్దిమందీ ఎవరినీ గేలి చేయలేదు. ఉన్నదే నలుగురు మనుషులం, అందులో ఒకడిని నొప్పించి ఏం బావుకుంటాం?

---

వాంఖడే_వలస (ముంబై)

ఫుట్‌బాల్ చర్చలో క్రికెట్ తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి. 2024లో హార్దిక్ పాండ్యా విషయంలో నేను స్వయంగా స్టాండ్లో ఉన్నాను. రోహిత్‌ను తప్పించి అతడిని ముంబై ఇండియన్స్ కెప్టెన్‌ను చేశారన్న కోపం. నిర్ణయం యజమానులది, తిట్లు అతడికి. ఏప్రిల్ 1న వాంఖడేలో టాస్ వేస్తున్నప్పుడే గోల మొదలైంది, మర్యాదగా ఉండమని వ్యాఖ్యాత చెప్పాల్సి వచ్చింది. మూడు నెలలు తిరగకుండా ప్రపంచ కప్ ఫైనల్లో చివరి ఓవర్ అతడే వేసి గెలిపించాడు. జూలై 4న అదే వాంఖడే అతడి పేరు జపించింది. నా పక్కనున్నవాళ్లు రెండు రోజులూ ఉన్నారు. అంత గట్టిగా తిట్టిన నోటితోనే జేజేలు కొట్టారు, మధ్యలో ఒక్క క్షణం కూడా సిగ్గుపడలేదు. నాకు ఆ రోజు సంతోషంతో పాటు కోపం కూడా వచ్చింది.

---

ఓల్డ్‌ట్రాఫర్డ్_అమ్మాయి

అందరూ మగ్వైర్‌లా, హార్దిక్‌లా లేచి నిలబడతారని ఎలా అనుకుంటాం? గెలిచి చూపించినవాళ్ల కథలే మనకు గుర్తుంటాయి. బార్సిలోనాలో ఆండ్రే గోమెజ్ 2018 మార్చిలో ఒక పత్రికతో మనసు విప్పాడు. ఆడటం ఆనందంగా లేదనీ, ఇంట్లోంచి బయటికి రావడానికే సిగ్గుపడే స్థితికి వచ్చాననీ చెప్పాడు. సొంత స్టేడియంలో అతడి మీద చాలాకాలంగా ఈలలు పడుతున్నాయి. ఆ మాటలు బయటికి వచ్చిన కొద్ది రోజులకే చెల్సీతో మ్యాచ్‌లో అతడు దిగితే కాంప్ నౌ అంతా లేచి చప్పట్లు కొట్టింది. మంచిదే. కానీ ఆ వేసవిలోనే అతడు ఎవర్టన్‌కు వెళ్లిపోయాడు.

మొరాటా కూడా అంతే. 2021 యూరో సమయంలో స్పెయిన్‌లోనే సొంత జనం ఈలలు వేశారు, ఇంటివాళ్లకు బెదిరింపులు వచ్చాయి. మూడేళ్లకు అదే మొరాటా కెప్టెన్‌గా యూరో కప్ ఎత్తాడు. ఆ తర్వాత, కుంగుబాటుతో బూట్ల తాళ్లు కట్టుకోలేని రోజులు గడిపానని బయటపెట్టాడు. కప్ చేతికి వచ్చినా ఆ గాయం మానలేదు కదా.

---

సీజన్_టికెట్

మొరాటా సంగతి నాకు తెలియదు. చదివాను ఇప్పుడే. చివరి విజిల్ హద్దు విషయంలో నాకు పెద్దగా పేచీ లేదు. కానీ ఒక్కటి మాత్రం వదులుకోను. ఇంగ్లండ్ ఆటగాడు రూనీ 2010 ప్రపంచ కప్‌లో, కేప్‌టౌన్‌లో అల్జీరియాతో 0-0 తర్వాత కెమెరాలోకి చూస్తూ సొంత అభిమానులను ఎత్తిపొడిచాడు. వేల మైళ్లు సెలవు పెట్టుకుని వెళ్లినవాళ్లు వాళ్లు. ఆ గేలి చివరి విజిల్ తర్వాతే వచ్చింది, అది వాళ్ల హక్కు. ఆటగాడు దాన్ని మౌనంగా భరించాలి. మర్నాడు అతడే క్షమాపణ చెప్పాడు.

---

గన్నర్_బెజవాడ

దానికి ఒప్పుకుంటాను. ఆ రోజు రూనీదే తప్పు.

---

గుంటూరు_తండ్రి

పెద్ద పెద్ద స్టేడియాల మధ్య నాదొక చిన్న ప్రశ్న. మా అబ్బాయికి పదమూడేళ్లు. పాఠశాల జట్టులో కుడి ఫుల్‌బ్యాక్. మొన్న జిల్లా పోటీల్లో వాడి తప్పు వల్ల గోల్ పడింది. అప్పటి నుంచి ఆట అయ్యేదాకా గీత పక్కన నిలబడిన మా ఊరి పెద్దలే వాడిని పేరు పెట్టి అరిచారు. వాడు ఇప్పుడు మైదానానికి రానంటున్నాడు. మాస్టారూ, ఏం చేయమంటారు?

---

డ్రిల్లు_మాస్టారు

ముందు ఆ గోల్ గురించి ఇంట్లో మాట్లాడటం ఆపేయండి, ఓదార్చడానికి కూడా. రమ్మని బలవంతం చేయకండి. సాయంత్రం మీరే వాడితో బంతి తీసుకుని ఖాళీ స్థలానికి వెళ్లండి. ఐదు గజాల దూరంలో నిలబడి పాస్‌లు ఆడండి, మాటలు అక్కర్లేదు. బంతి అందుకునే ముందు వెనక్కి చూసే అలవాటు మళ్లీ తెప్పించాలి. వెనక నుంచి ఎన్ని చేతి వేళ్లు చూపిస్తే ఆ అంకె చెప్పమనండి. మీ ఇంకో అబ్బాయో, స్నేహితుడో వెనక నిలబడి చూపించాలి, వీడు బంతి వచ్చేలోపు తిరిగి చూసి అంకె చెప్పాలి.

జట్టులోకి వచ్చాక కోచ్‌తో మాట్లాడండి. మొదటి మ్యాచ్‌లో ఒక సగం మాత్రమే ఆడించమనండి, అదీ జనం లేని వైపు గీత ఉన్న సగం. రెండో సగానికి వైపులు మారతాయి కదా, అప్పుడు బయటికి తీసుకోవచ్చు. ఆట మొదలైన రెండు మూడు నిమిషాల్లో వాడికి ఒక తేలికైన పాస్ అందేలా సెంటర్ డిఫెండర్‌కు ముందే చెప్పాలి.

ఆ అరిచిన పెద్దల విషయం కోచ్‌కు వదలకండి. అది మీరే చూసుకోవాలి. ఒక్కొక్కరి ఇంటికి విడిగా వెళ్లండి, వచ్చే మ్యాచ్‌కు వాళ్లను రమ్మని పిలవండి. గోల్ పడితే వాడి పేరు పిలిచి చప్పట్లు కొట్టమని అడగండి. నేను అడిగిన చోట ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. వాడు ఏ కాలితో ఆడతాడో రాయండి, ఇంట్లో చేయించాల్సినవి ఇంకొన్ని పంపుతాను.